పెట్టె అవతల నిలబడ్డ మనిషి

నేను ఎల్లారెడ్డిలో ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. నాది మంచి నోరు కాదు. గాజులతో మైదానానికి వస్తే తిడతాను, జడ ముడి వేయకుండా వస్తే తిడతాను, కాళ్ళకు పట్టీలు కనిపిస్తే ఇంటికి పంపిస్తానంటాను. హాస్టల్ పిల్లలను ఏ ఇంటికి పంపుతానో నాకే తెలియదు. పిల్లలకూ అది తెలుసు, తల వంచుకుని నవ్వుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం తిట్టను. కింద పడ్డ పిల్లను ఏమీ అనను. పడ్డాక ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబితే చాలు. ఈ నియమం నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. చిన్నప్పుడు ఒక మనిషికి అన్యాయం చేశాను, అందులోంచి వచ్చింది.

అప్పుడు నేను కామారెడ్డిలో ఏడో తరగతి. మా బడికి కొత్తగా ఒక పీఈటీ సార్ వచ్చాడు. వచ్చిన వారంలోనే స్టోర్ రూములో విరిగిన బెంచీల వెనక ఎలుకలు కాపురం చేస్తున్న ఒక చెక్క సామాను బయటికి లాగించి, చెక్కపని చేసే వడ్లాయనను పిలిచి బాగు చేయించాడు. దాన్ని వాల్టింగ్ బాక్స్ అంటారు. చెక్క చట్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన తోలు కప్పిన దిమ్మె పెడతారు. ఎత్తు తగ్గించాలంటే నడుమ చట్రాలు తీసేయవచ్చు. మేం దాన్ని పెట్టె అనేవాళ్ళం. దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, ముందున్న స్ప్రింగ్ బోర్డు మీద రెండు కాళ్ళూ కలిపి తన్ని, పెట్టె మీద రెండు అరచేతులు ఆనించి, మోకాళ్ళు ఛాతీకి ముడిచి, చేతుల నడుమ నుంచి కాళ్ళు తెచ్చి అవతల పరుపు మీద నిలబడాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. నేర్వడానికి మాకు ఆరు నెలలు పట్టింది.

మొదటి నెల ఆయన మమ్మల్ని పెట్టె మీదికి దూకనివ్వనే లేదు. ఒక్క చట్రం ఎక్కించి కిందికి దుమికించేవాడు. మోకాళ్ళు కొంచెం వంగాలి, చేతులు ముందుకు రావాలి, పాదాలు కదలకుండా మూడు లెక్కపెట్టేదాకా నిలబడాలి. మాకు విసుగొచ్చేది. "ఎక్కుడు ఎప్పుడు నేర్పుతవు సార్?" అని అడిగితే, "దిగుడు రానోళ్ళకు ఎక్కుడెందుకు?" అనేవాడు. ఇంకో మాట కూడా రోజూ చెప్పేవాడు. పరుగులో అనుమానం వస్తే బోర్డు ముందర ఆగొద్దు, భయంతో దూకొద్దు, పక్కనుంచి పరిగెత్తుకుని వెళ్ళిపో. దానికి ఎవరూ నవ్వొద్దు.

ఈ దుముకుడులో అసలు ప్రమాదం ఒకటుంది. కాళ్ళు సరిగ్గా ముడవకపోతే కాలివేళ్ళు పెట్టె అంచుకు తగులుకుంటాయి. అప్పుడు మనిషి ముందుకు తలకిందులుగా పోతుంది. అందుకని అవతల ఒక మనిషి నిలబడి, ఒక చేత్తో దూకేవాళ్ళ దండ, అంటే మోచేతికి పైన కండ, ఇంకో చేత్తో మణికట్టు పట్టుకుని, పాదాలు పరుపు మీద కుదిరేదాకా వాళ్ళతోపాటే నడవాలి. మగపిల్లలను సారే పట్టుకునేవాడు. ఆడపిల్లలను ఎవరు పట్టుకోవాలి? అప్పటికే ఇద్దరు ముగ్గురు తండ్రులు పనేమీ లేకున్నా సాయంత్రాలు బడి గేటు దగ్గర నిలబడుతున్నారు. ఎవరూ నోరు తెరవక ముందే సార్ తన భార్యను తోలుకొచ్చాడు.

"నేను నోటితోని చెప్త. మిమ్ముల పట్టుకునేది అక్క," అన్నాడు.

ఆమె బీడీలు చేసే మనిషి. ఐదో తరగతి మించి చదవలేదు, జిమ్నాస్టిక్స్ అనే మాట ఆమె నోట ఎన్నడూ సరిగ్గా పలకలేదు. మధ్యాహ్నమంతా బీడీలు చుట్టి, నాలుగు గంటలకు ఒళ్ళోని చాట దించి, కొంగు నడుముకు చెక్కుకుని నేరుగా మైదానానికి వచ్చేది. సార్ ఇంట్లో సగం నింపిన బియ్యం సంచి విసిరి ఆమెకు పట్టుకోవడం నేర్పాడని మాలో ఒక పుకారు ఉండేది. నిజమేనా అని అడిగితే, "మీ సార్ కన్న సంచే నయం, సప్పుడు చెయ్యది," అంది.

ఆమె చెయ్యి పడితే భయం పోయేది. ఇది నేను పెద్దయ్యాక అల్లుకున్న మాట కాదు, అప్పుడే మాకందరికీ తెలుసు. సార్ మా చేతులూ కాళ్ళూ చూసేవాడు, ఆమె మా అడుగుల చప్పుడు వినేది. పరిగెత్తుకొస్తుంటేనే అరచెయ్యి ఎత్తి ఆపేది. "ఇయ్యాల నీకు నిద్ర సాలలే. కూసో," అనేది. అడిగితే నిజమే అయ్యేది. ఎవరికి ఏ కాలు బలమో, ఎవరు బోర్డు చేరేముందు చిన్న అడుగు వేస్తారో ఆమె దగ్గర లెక్క ఉండేది. మా కంటే పది నిమిషాలు ముందే వచ్చి పరుపుల మధ్య సందులు లేకుండా కాళ్ళతో నెట్టి సర్దేది.

ఒకరోజు సార్ ఏదో డ్యూటీ మీద మాచారెడ్డి వెళ్ళాడు. ఆ రోజు పెట్టె ముట్టొద్దని చెప్పి మరీ వెళ్ళాడు. మేం ఊరుకుంటామా? నువ్వు దుంకు అక్కా అని ఆమె చుట్టూ చేరాం. వద్దు వద్దంటూనే చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టింది. పెట్టెను రెండు చట్రాలకు తగ్గించి, నలుగురం అవతల నిలబడ్డాం. పరిగెత్తుకొచ్చి, బోర్డు మీద ధబ్బున తన్ని, పెట్టె పైన గొంతుక్కూర్చుంది. అవతలికి దిగలేదు. అక్కడే కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "మీ సారుకు చెప్తిరా, మిమ్ముల పట్టుకోను," అంది. ఆమెకు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవనుకుంటాను. పొద్దంతా గోడకానుకుని తల వంచుకుని కూర్చునే మనిషికి రోజులో ఆ ఒక్క గంటే ఆకాశం కనిపించేదేమో. ఇదంతా ఇప్పుడు తడుతోంది, అప్పుడు నాకేం పట్టింది.

మా అమ్మ కూడా బీడీలే చేసేది. మా ఇల్లంతా తంబాకు వాసన. నా బడి సంచీకి, నా జడకు, నేను తినే అన్నానికి అదే వాసన. తరగతిలో పక్కన కూర్చునే పిల్ల ఒకసారి ముక్కు మూసుకుంది. ఆ తర్వాత నేను పొద్దున్నే రెండుసార్లు స్నానం చేసేదాన్ని. అక్క వేళ్ళు మా అమ్మ వేళ్ళలాగే గోధుమ రంగుకు తిరిగి ఉండేవి. ఎండలో చెమటకు ఆ రంగు మా అంగీల మీద, దండల దగ్గర, సన్నగా అంటేది. మిగతా పిల్లలు పట్టించుకునేవాళ్ళు కాదు. నేను ఇంటికెళ్ళి రుద్ది రుద్ది ఉతికేదాన్ని.

బడుల మధ్య జరిగే పోటీలు దగ్గరకొచ్చాక ఒక శనివారం వేరే బడి పిల్లలు మాతో కలిసి సాధన చేయడానికి వచ్చారు. వాళ్ళది డబ్బున్న వాళ్ళ బడి. అందరికీ ఒకే రకం బూట్లు, వాళ్ళ సార్ మెడలో విజిల్, వెంట నీళ్ళ సీసాలు. ఆ రోజుకని మా బాపు నాకు తెల్ల టీషర్టు కొనిచ్చాడు. మొదటిసారి తొడుక్కున్నాను. మా బడిలో అందరికంటే బాగా దూకేదాన్ని నేనే కాబట్టి సార్ నన్నే ముందు పిలిచాడు. పెట్టె పూర్తి ఎత్తులో ఉంది. అవతల అక్క నిలబడింది.

పరుగు బాగానే వచ్చింది. బోర్డు మీద కాళ్ళు కలిశాయి. చేతులు దిమ్మె మీద ఆనాయి. అప్పుడు ఆమె చెయ్యి నా దండ వైపు రావడం చూశాను. ఆ పిల్లలంతా వరుసగా కూర్చుని చూస్తున్నారు. ఆ గోధుమ రంగు వేళ్ళు నా తెల్ల టీషర్టు చేతి మీద పడకూడదనుకున్నాను. మోచెయ్యి లోపలికి లాక్కున్నాను.

అంతే జరిగింది. చెయ్యి లాక్కోగానే భుజం కుంగింది, మోకాళ్ళు కిందికి జారాయి, ఎడమకాలి వేళ్ళు అంచుకు తగులుకున్నాయి. నేల నా మొహం మీదికి వచ్చింది. ఆమె పట్టు తప్పిపోయింది, అయినా వెనక్కి జరగలేదు. తన కుడి చెయ్యి, భుజం నా ఛాతీ కింద పెట్టేసింది. ఇద్దరం కలిసి పరుపు మీద పడ్డాం. నాకు గీత కూడా పడలేదు. ఆమె లేవలేకపోయింది. కుడి భుజం కీలు ఊడి ముందుకు పొడుచుకొచ్చింది.

సార్ పరిగెత్తుకొచ్చాడు. ముందు నా మెడ చూశాడు, వేళ్ళు కదిలించమన్నాడు. నేను బాగానే ఉన్నానని తెలిశాక భార్య వైపు తిరిగాడు. వేరే బడి సార్ చూస్తున్నాడు, పిల్లలంతా చూస్తున్నారు.

"కండ్లు ఏడ పెట్టినవ్? దండ పట్టుకో అని ఎన్నిసార్లు చెప్పిన? పిల్ల మెడ ఇరిగేది ఇయ్యాల," అన్నాడు.

ఆయన భయంతో అన్నాడని ఇప్పుడు నాకు తెలుసు. నేనూ పిల్లలను ఆడించే పనిలో ఇన్నేళ్ళున్నాను కదా, ఆ క్షణాన నోట్లోంచి ఏం వస్తుందో మనకే తెలియదు. ఆమె పళ్ళు బిగపట్టి కూర్చుంది. "చెయ్యి జారింది," అని మాత్రం అంది.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్క మాట చెబితే అయిపోయేది. నేనే లాక్కున్నాను సార్ అనాలి, మూడు పదాలు. అవి అనాలంటే ఎందుకు లాక్కున్నావని అడుగుతారు. అంగీ మాసిపోతుందని చెప్పాలి, బీడీల చెయ్యి అని చెప్పాలి, మా అమ్మ చెయ్యి కూడా అదేనని అందరికీ తెలియాలి. అంత దూరం ఆలోచించానో లేదో కానీ నోరు మాత్రం పెగల్లేదు. ఆమెను ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆటోలో కూర్చునేటప్పుడు కూడా ఆమె నావైపే చూసి, "నీకేం తాకలే గద బిడ్డా?" అని అడిగింది. లేదని తలూపాను.

ఆ తర్వాత ఆమె మైదానానికి రాలేదు. భుజం కూర్చోబెట్టి కట్టు కట్టారని విన్నాం. కట్టు ఉన్నన్నాళ్ళు రాలేదంటే అర్థముంది. కట్టు విప్పాక కూడా రాలేదు. ఆమె చెయ్యి ఇంక బాగు కాలేదు పాపం, అందుకే రావడం లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు నెలల తర్వాత వాళ్ళ వీధిలో వెళ్తుంటే, ఆమె అదే భుజం మీద నీళ్ళ బిందె పెట్టుకుని నడుస్తోంది. నేను పక్క సందులోకి తిరిగిపోయాను. కళ్ళతో చూసి కూడా, చెయ్యి బాగు కాలేదనే మాటనే పట్టుకుని వేళ్ళాడాను. మనసు తనకు కావలసిన సాక్ష్యం తనే తయారు చేసుకుంటుంది.

సార్ కొన్నాళ్ళు పెద్ద పిల్లలతో చిన్న పిల్లలను పట్టించాడు. ఒక పిల్ల మణికట్టు బెణికింది. వాళ్ళ నాయన వచ్చి గొడవ చేశాడు. హెడ్మాస్టర్ ఆడపిల్లలకు పెట్టె వద్దన్నాడు. మాకు కబడ్డీ, ఖోఖో మిగిలాయి. పెట్టె మగపిల్లలకు ఉండిపోయింది. ఆ రోజు పడ్డాక నేను పోటీకి ఎలాగూ వెళ్ళలేదు. తర్వాత చదువు, డిగ్రీ, వ్యాయామ విద్య కోర్సు, ఉద్యోగం. పిట్లంలో కొన్నేళ్ళు చేసి ఎల్లారెడ్డికి వచ్చాను. రెండేళ్ళ కింద సార్ పోయాడని తెలిసి వెళ్ళాను. జనంలో నిలబడి ఆమెను దూరం నుంచి చూసి వచ్చేశాను. చావు ఇంట్లో ఆ ముచ్చటేమిటని సర్దిచెప్పుకున్నాను. ఏదో ఒకటి సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఈ ఏడాది మా హాస్టల్‌కు ఒక పెట్టె తెప్పించాను. అడుక్కుని, దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టి తెప్పించాను. ఆడపిల్లలను నేనే పట్టుకోవచ్చు, ఎవరి భార్యా రానక్కరలేదు. మూడు నెలలు దిగడమే నేర్పాను. గాంధారి దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక పిల్ల ఉంది, పన్నెండేళ్ళు. పరుగులో కాళ్ళు నేలకు ఆనవు. ఆ పిల్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, అందుకే మిగతావాళ్ళ కంటే రెండు తిట్లు ఎక్కువే పడతాయి. మొన్న పెట్టెకు ఇంకో చట్రం పెంచిన రోజు ఆ పిల్ల బోర్డు దగ్గర తడబడి, ఆగకుండా దూకేసింది. కాళ్ళు అంచుకు తగిలాయి. రెండు దండలూ దొరకబుచ్చుకున్నాను. ఇద్దరం పరుపు మీద చతికిలపడ్డాం. నా మోచెయ్యి నేలకు గీరుకుని రక్తం వచ్చింది.

ఏమైంది అని నేను అడగక ముందే ఆ పిల్ల నా చెయ్యి చూసి మొదలుపెట్టింది.

"మేడం, మీ తప్పేం లే. మీరు మంచిగనే పట్టుకున్నరు. నేనే కండ్లు మూసుకున్న. భయమైంది."

"పక్కకెళ్ళి ఉరకొచ్చు గద?" అన్నాను.

"ఉరుకుదామనుకున్న మేడం. అందరు చూస్తున్నరని దుంకిన."

వరుసలో కూర్చున్న పిల్లలంతా విన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల లేచి మోకాళ్ళు దులుపుకుని, వరుస చివరకు వెళ్ళి కూర్చుంది. అంత తేలిక ఆ మాట. దానికి నాకు ఇరవై ఐదేళ్ళు చాలలేదు. నాకు ఏడుపు వచ్చింది. పిల్లల ముందు ఏడవడం ఇష్టం లేక, పరుపులు సర్దలేదని అందరినీ కలిపి తిట్టాను.

ఆ ఆదివారం కామారెడ్డి బస్సెక్కాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా వెళ్ళాను. దారంతా ఆమె నన్ను ఏమంటుందో ఊహించుకుంటూ కూర్చున్నాను. తిట్టాలని కోరుకున్నాను. తిడితే సగం బరువు దిగుతుందనే ఆశ. అదీ నా స్వార్థమే.

అదే ఇల్లు. గడప లోపల పాత గోనె పరుచుకుని చింతపండులో గింజలు తీస్తోంది. జుట్టు సగానికి పైగా నెరిసింది. కళ్ళు ఆనక బీడీలు మానేసిందట. నన్ను పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"నువ్వా బిడ్డా. తెల్లంగి పిల్లవు గద. రా, కూసో," అంది.

ఇన్నేళ్ళలో ఎందరు పిల్లలను మరిచిపోయిందో. నన్ను అంగీతో సహా గుర్తు పెట్టుకుంది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఎల్లారెడ్డిలో పీఈటీగా చేస్తున్నానని, ఆడపిల్లలకు పెట్టె మీద దూకడం నేర్పుతున్నానని చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎవ్వలు పట్టుకుంటరు?" అని అడిగింది.

"నేనే అక్కా."

"గట్టిగ పట్టు. నా తీరు చెయ్యకు." మళ్ళీ ఒక గింజ తీసింది. "ఆ దినం నువ్వు కొత్త తెల్లంగి తొడిగితివి. గేటు కాడ్నే చూసిన. నా చేతుల రంగు అంటుతదని, బోరింగు కాడికి పోయి సబ్బుతోని కడుక్కొని వచ్చిన. జల్ది జల్ది కొంగుకు తుడుసుకున్న. తడి ఉండిపోయినట్టున్నది. నీ దండ జారింది. మీ సార్ పోయేదాక ఆయనకు చెప్పలే, తడి చేతులతోని పిల్లను పట్టుకున్నవా అంటడని. ఇంటికొచ్చినంక అనుకున్న, ఇగ నాకొద్దు ఈ పని, ఇంకెవ్వల మెడనన్న ఇరగ్గొడ్త అని."

తిట్టించుకోవడానికి వెళ్ళిన నేను ఆమె నోటితో క్షమాపణ వింటున్నాను. ఆమె చేతులు తడిగా ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఉన్నా ఏమీ అయ్యేది కాదు, ఆ చేతులకు నా దండ దొరకనే లేదు. ఆ మాటే చెప్పాను. చెయ్యి నేనే లాక్కున్నానని చెప్పాను. ఎందుకు లాక్కున్నానో కూడా, ఏమీ దాచకుండా, అంగీ మాట, వాసన మాట, మా అమ్మ మాట అన్నీ చెప్పాను. ఆమె ఆపలేదు, ఊరుకోమని కూడా అనలేదు.

బయట వీధిలో ఎవరో స్కూటర్ కిక్కు కొడుతున్నారు, అది స్టార్టు కావడం లేదు. ఆమె చింతపండు ముద్ద ఒకటి చేతిలోకి తీసుకుని, గింజలు తీయకుండానే మళ్ళీ చాటలో పెట్టింది.

"మీ ఎనుక తరగతులల్ల చిన్న పిల్లలు మస్తుమంది ఉండిరి గద," అంది. "నేను రాకపోతే వాళ్ళను ఎవ్వలు పట్టుకున్నరు?"

"పెద్ద పిల్లలు కొన్ని రోజులు పట్టుకున్నరు. తర్వాత ఆడపిల్లలకు బంద్ చేసిన్రు అక్కా."

ఆ సంగతి సార్ ఆమెకు చెప్పనే లేదట. నా వైపు చూడకుండా వీధి వైపు చూస్తూ కూర్చుంది. కోపం కనిపించలేదు. కోపమే అయితే బాగుండేది.

"అప్పుడే ఒక్క మాట చెప్పేదుంటివి బిడ్డా," అంది. "నేను మళ్ళ వస్తుంటి."